బసవరాజు సారు ఆకుపచ్చ మందు

బసవరాజు సారు ఎవరింటికి పోయినా ఇచ్చిన మంచినీళ్లు తాగేవాడు కాదు, ముందు పరీక్ష చేసేవాడు. గ్లాసులోంచి కాసిని గాజుగొట్టంలోకి వంచి, జేబులోంచి తీసిన ఆకుపచ్చ మందు కలిపి, గడగడా ఊపేవాడు. రంగు మారకపోతేనే గొంతు తడుపుకొనేవాడు. కోయిలకుంట్లలో కెమిస్ట్రీ లెక్చరర్. పెళ్లికి పోయినా అంతే, పరామర్శకు పోయినా అంతే. వాన పడితే ముందు గొట్టంలో పట్టి చూసి గానీ తడవడని ఊరంతా చెప్పుకునేవారు.

"ఏంది సార్, మేమేమన్నా విషం పెడతామా?" అని మా వీధి మద్దమ్మ ఒకసారి నిలదీసింది.

"నువ్వు పెట్టవమ్మా. నీ నీళ్ల సంగతి నాకు తెల్దు గదా!"

నేను కళాయి కరీమును. ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పూసి బతుకుతాను. 2003లో ఒకరోజు, అంగట్లో ఎవరూ లేని సమయం చూసి, సారు మద్దమ్మ గిన్నె తీసుకొని వచ్చాడు. రాత్రంతా అందులో చింతపులుసు ఉంచాడట. ఆ పులుసు గొట్టంలో పోసి ఊపాడు. ఆకుపచ్చ మందు ఎర్రబడింది.

"కరీమూ, నీ తగరంలో సీసం కలిసుండాదప్పా. పిల్లోళ్లు తినే గిన్నెలు."

"మా నాయన కాలం నుంచి పూస్తాండాం! నా పనికే వంక పెడతాండావా? దిగు సార్, అంగడి దిగు!"

ఆయన అటు పోగానే ఆ తగరం అవతల పారేశాను. అది చవగ్గా వస్తోందని కొత్త వ్యాపారి దగ్గర నేను కొన్న సరుకు. మరి అప్పటికే పూసిచ్చిన గిన్నెల మాటేమిటి? సంగతి బయటపడితే నా అంగడి మూతపడుతుంది. పాపిష్టివాణ్ని, నోరు మూసుకున్నాను.

సారు మాత్రం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు.

"మీ బోరు నీళ్లు ఇత్తడికి పడలేదమ్మా. గిన్నెలు వారం నాకియ్యండి, పరీక్ష చేయాల."

"గిన్నెలకు గూడా జరమొచ్చిందంటప్పా!" అని ఊరు విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. గిన్నెలు తళతళలాడుతూ తిరిగొచ్చాయి. నాకు అనుమానం రాకపోలేదు. అడిగితే తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని అడగలేదు. మూడేళ్లకు సారు పోయాడు.

ఆయన పోయాక గానీ, కర్నూలులో కళాయి పూసే నా బావమరిది చాంద్ నోరు విప్పలేదు.

"బావా, ఆ సారు నా దగ్గరికి మూటలు మూటలు గిన్నెలు తెచ్చినాడు. ఇన్నేంది సార్ అంటే, మా ఇంట్లో శానా తింటాము అన్నాడు. ఉండేది మొగుడూ పెండ్లామే!"

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఒట్టేయించుకున్యాడు. మొదటి మూట పూసిస్తే ఒప్పుకోలేదు బావా, మళ్లీ పూయమన్నాడు."

"ఏం, దాంట్లోనూ సీసమా?"

"కాదు. పూత మరీ నున్నగుండాదంట. కరీం చేతి మాదిరి రోంత ఎగుడుదిగుడుగా పూయప్పా, ల్యాకుంటే ఆడోళ్లు కనిపెట్టి కరీమును తిడతారు అన్నాడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన బతికుండగా ఒక్కసారి "తప్పు నాదే సార్" అని ఉంటే, ఈ మాట చెప్పుకొని ఇద్దరం కలిసి నవ్వేవాళ్లం.