మిట్టాయికి కుడి రెక్క

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మా అత్త పట్టమ్మాళ్ గొంతెత్తిందంటే సూపర్‌వైజర్ కూడా పక్కకు తప్పుకుంటాడు. ఆ అత్తే తన లవ్‌బర్డ్ మిట్టాయి ముందు పసిపిల్ల అయిపోతుంది. పచ్చని పిట్ట, పిడికిలంత లేదు. అత్త అన్నం తినేటప్పుడు దాని కాపురం ఆమె భుజం మీదే.

మొన్న ఆదివారం ఎగురుతూ ఎగురుతూ ఫ్యాను తగిలి కింద పడింది. ఒక రెక్క వేలాడుతోంది. నేల మీద నెత్తురు చుక్కలు.

“పాపా, డాక్టరుకు ఫోను పెట్టు! నా బిడ్డ పోతా ఉండాది!”

విరుదునగర్‌లో పక్షులను చూసే డాక్టరుకు ఫోన్ కలిపాను. మాట్లాడాలంటే బిడియం. స్పీకర్ పెట్టి అత్త ముందుంచాను. బయటివాళ్లతో తమిళమే మాట్లాడే అత్త, ఆ కంగారులో ఇంట్లో మాట్లాడే తెలుగులోకి జారిపోయింది. దెబ్బ ఏ వైపని డాక్టరు అడిగాడు.

“కుడి సార్, కుడి!”

తమిళంలో కుడి అంటే తాగుడు. డాక్టరుకు అదే వినిపించింది.

“ఎవరికమ్మా కుడి?”

“పిట్టకే సార్! తల వాలేసినాది!”

“అయ్యో, ఎవరు పోశారు దానికి?”

“పోసేదేంది సార్, ఫ్యాను కొట్టినాది!”

ఇక ఆగలేక నేనే అరిచాను: “వలదు సార్, వలదు!” కుడివైపుకు తమిళ మాట అదే.

డాక్టరు నవ్విన నవ్వుకు ఫోను గరగరలాడింది. తర్వాత నిదానంగా చెప్పాడు. నెత్తురు కారేచోట దూదితో మెల్లగా అదమాలి. రెక్కను ఒంటికి ఆనించి వదులుగా చుట్టాలి. రొమ్ము బిగిస్తే ఊపిరాడదు. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా ఉంచి తేవాలి.

“నోట్లో ఏమీ పోయకండమ్మా. నీళ్లు కూడా,” అని మళ్లీ నవ్వాడు.

చుట్టింది నేను. అత్త అట్టపెట్టెకు చిల్లులు పొడిచింది. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టింది. “ఇది మళ్లీ ఎగురునా పాపా?” అని సాత్తూరు దాటేదాకా అడుగుతూనే ఉంది.

డాక్టరు కట్టు విప్పి రెక్కను మెల్లగా చాపాడు. అత్త కళ్లు గట్టిగా మూసుకుంది.

“ఎముక విరగలేదు. రెక్క బెణికింది, ఒక ఈక మొదలు దగ్గర తెగింది, అంతే. కొన్నాళ్లకు ఎగురు...”

మాట పూర్తి కాలేదు. మిట్టాయి ఆయన వేలు పట్టుకుని కొరికింది.

“పాపా, కరిచినాది చూస్తివా! డాక్టరునే కరిచినాది!”

అత్త ఒక్క గెంతు గెంతింది. వరండాలో వంతు కోసం కూర్చున్న కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టాయి.