ఎర్ర గూటం బావి

కుళ్ళాయప్ప గురించి పేపర్లో అర పేజీ వేశారు. అణుశక్తి ఇంజనీరు, కొత్త పరికరం కనిపెట్టిన మేధావి, కంబదూరు పక్క పల్లెలో గొర్రెల కాపరుల ఇంట పుట్టిన ఆణిముత్యం అని తెగ పొగిడారు. పొగడనీ, మనదేం పోయింది. కానీ తల్లి లేని ఆ పిల్లవాడికి ఎనిమిదో ఏట నుంచి గజ్జి కడిగి, సంగటి ముద్ద తినిపించి, వెంటపడి బడికి తరిమిన వదిన నల్లమ్మ పేరు ఆ అర పేజీలో ఎక్కడా లేదు. ఆమె భర్త, అంటే అతని సొంత అన్న తిప్పన్న పేరూ లేదు. ఒళ్ళు మండే ఇది చెబుతున్నాను.

కుళ్ళాయప్ప తెలివిగలవాడు, అందులో సందేహం లేదు. బొంబాయిలో ఉద్యోగం. భూమిలో దాగిన అణుఖనిజాన్ని పసిగట్టే పెట్టెను అంతకుముందు ఇద్దరు మోసేవాళ్ళట. ఇతను దాన్ని గొర్రెల కాపరి భుజాన తగిలించుకునే సంచిలాగా, ఒక్కడే వేసుకుని తిరిగేలా తయారుచేశాడు. 1958 ఎండాకాలంలో ఆ పెట్టెతో సొంత ఊళ్ళోనే జీపు దిగాడు. ఖనిజం దగ్గరయ్యేకొద్దీ పెట్టె టిక్కు టిక్కుమంటుంది. నల్లమ్మ మెట్టచేను చివర అది ఆగకుండా మొత్తుకుంది. అక్కడ ఎర్ర రంగు పూసిన కొయ్య గూటం ఒకటి దిగగొట్టాడు.

“ఏముండాదప్పా ఈడ?” అని అడిగింది నల్లమ్మ.

“రాయి వదినా. మాకు పనికొచ్చే రాయి.”

ఊరు ఊరంతా నవ్వుకుంది. రాళ్ళు తప్ప ఇంకేమీ లేని చోటికి రాయి వెతుక్కుంటూ జీపేసుకుని వచ్చే మొనగాడు ఉంటాడా? నేల లోపల ఏముందో వెతికేవాడు ఎవడైనా నీళ్ళ కోసమే వెతుకుతాడు. ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళకు వేరే ఆలోచన రాదు. నీళ్ళ జాడ దొరికిందనీ, బయట పెట్టొద్దని సర్కారు అతని నోరు కట్టేసిందనీ నలుగురూ కూర్చుని తేల్చేశారు. తమ్ముడు జీపెక్కి వెళ్ళిన మూడో రోజే తిప్పన్న గూటం పీకి, అదే చోట గడ్డపార దింపాడు.

మూడేళ్ళు తవ్వాడు. ముప్పై అడుగుల కింద బండ తగిలితే మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున మందు పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని తిప్పన్న దిగాడు. అప్పుడు పేలింది. పైకి తెచ్చినదాన్ని గోనెపట్టాలో చుట్టి పూడ్చారు.

దినాలకు కుళ్ళాయప్ప వచ్చాడు. వచ్చినవాడు ఏడ్చి ఊరుకోవచ్చు కదా. అందరి ముందూ నిలబడి, “నీళ్ళుండాయని మీకు ఎవురు చెప్పినారు? రాయని చెప్పినా కదా” అన్నాడు. నిజమే చెప్పాడు. నిజమైతే మాత్రం, అప్పుడే బొట్టు తీసిన వదిన ముందు అనాల్సిన మాటేనా అది? నల్లమ్మ ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. పంతానికి కొంగు నడుముకు బిగించి, నలుగురు ఆడవాళ్ళను తోడు పెట్టుకుని, మొగుడు పోయిన గుంతలోంచే రాళ్ళు మోసింది. ఏడాది తిరిగేసరికి యాభై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. ఆ పూట బావి గట్టున కూర్చుని ఆమె మరిదిని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు.

1966లో వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల బావులన్నీ అడుగంటాయి. ఎర్ర గూటం బావిలో మాత్రం నీళ్ళు ఉన్నాయి. ఊరూ, వాడా, సాయిబుల ఇళ్ళూ ఆ నీళ్ళతోనే బతుకుతున్నాయి. నల్లమ్మ ఎవరినీ వద్దనలేదు. నా మొగుడి నీళ్ళు తాగండి అనేది.

సరిగ్గా అప్పుడు దిగాడు మళ్ళీ మహానుభావుడు. నాలుగు నెలల ముందు అతని మనుషులు వచ్చి ఆ నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. ఇప్పుడు చేతిలో కాగితం. బావి మూసెయ్యాలట. చేను నల్లమ్మది కాబట్టి ఆమె వేలిముద్ర కావాలట.

“ఈ నీళ్ళలో విషముండాది వదినా,” అన్నాడు బావి దగ్గర, బిందెల మధ్య నిలబడి. “ఆ రాయిలోంచి దిగింది. కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు.”

ఐదేళ్ళ తర్వాత నల్లమ్మ అతనితో నోరు విప్పింది. “తాగితే ఎప్పుడు సస్తాము?”

“ఇప్పుడే కాదు. పదేండ్లకో, ఇరవైయేండ్లకో ఎముకల్లో రోగం పుడుతాది. పిల్లోళ్ళకైతే ఇంకా ముందే.”

“తాగకుంటే?”

బండి తోలే కరీం సాబ్ ముందుకొచ్చాడు. “నేను చెప్తా. వచ్చే శుక్రవారం దాకా కూడా ఉండము. నీ కాగితం మా గొంతు తడుపుతాదా ఇంజనీరు సాబ్?”

“ఏట్లో చెలమలు తవ్వుకోవచ్చు కదన్నా.”

“మూడు మైళ్ళు,” అంది నల్లమ్మ. “నువ్వు మోస్తావా? ఇవి మీ అన్న సచ్చి తెచ్చిన నీళ్ళు. విషమన్న నోట్లో పురుగులు పడతాయి. నాలుగేండ్లుగా తాగుతాండాము, ఎవురికేమయ్యింది?” చెంబెడు నీళ్ళు ముంచి, అతని మొహం చూస్తూ గటగటా తాగేసింది. జనం కేకలు పెట్టారు. ఎవరో అప్పటికే జీపు టైర్లలో గాలి తీసేశారు.

కుళ్ళాయప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “సరే వదినా. నువ్వు పెట్టిందే తిని పెరిగినా. మీరు తాగేదే నేనూ తాగుతా. ఈడ్నే ఉండిపోతా.” ఆమె చేతిలోని చెంబు తీసుకుని ముంచాడు. ఆ నీళ్ళలో ఏముందో అక్కడున్న వాళ్ళందరిలో తెలిసినవాడు అతనొక్కడే. చెంబు పెదాలకు ఆనించాడు.

నల్లమ్మ చేయి లేచింది. ఒక్క దెబ్బకు చెంబు ఎగిరి బండ మీద పడి దొర్లింది.

నల్లమ్మ కొట్టిన చేతినే చూసుకుంటూ నిలబడింది. ఇంతసేపూ ఆమె మాట నమ్మి ఎదురు తిరిగినవాళ్ళు ఆమె చేసింది కళ్ళారా చూశారు. కరీం సాబ్ తన బిందె పక్కకు వంచాడు. పిల్లను చంకనేసుకున్న మనిషి ఇంకో బిందె వంచింది. ఒకరి తర్వాత ఒకరు నింపుకున్న నీళ్ళన్నీ నేలపాలు చేశారు.

“యాడ వెయ్యల్ల ముద్ర, చూపించు,” అంది నల్లమ్మ.

అతను కాగితం మళ్ళీ తీశాడు. సిరా పూసిన వేలు గట్టిగా అదిమి, ఆ వేలు చీరకు తుడుచుకుంది.

“మూసెయ్. మీ అన్న నెత్తురు ఇంకా ఆ బండకే ఉండాది. ఆయప్పను కూడా దాంట్లోనే పెట్టి మూసెయ్. మళ్ళా నాకు నీ మొగం చూపించొద్దు,” అని ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఏటి దారి పట్టింది.