నూనె జాడ చూపిన మా బావగారు

మా బావగారు, అంటే మా అక్క భర్త, పోయిన నవంబరులో ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. మా ఇంటి ముందున్న సరస్సు అంచుల్లో అప్పుడప్పుడే పల్చగా మంచుపొర కడుతోంది. నేను పనిచేసే హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే, అదే హాస్పిటల్లో నర్సైన అక్క యూనిఫాంలోనే కిందికి వచ్చింది. "మీ బావ వెళ్ళిపోయారే" అంటూ నా చేతిలోని దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం ఆ దుప్పటి మడిచాకే ఏడ్చాం.

బావగారు బందరు దగ్గర రైసు మిల్లులో ఆయిల్ ఇంజను చూసేవారు. అక్క ఉద్యోగం కోసం ఇద్దరూ మినసోటాకి వచ్చాక, గడ్డి కోసే మిషన్లూ పడవ మోటార్లూ బాగుచేసే చిన్న షాపులో చేరారు. నా భర్త పోయిన తర్వాత, పంతొమ్మిది వందల డెబ్బైల చివర, నన్నూ ఇక్కడికి పిలిపించుకున్నారు. నేను దిగిన రోజు ఆయన అన్న మొదటి మాట, "కోటు గుండీలు మెడదాకా పెట్టుకో మరదలా, ఇక్కడ చలికి మొహమాటం లేదు."

మా ఇంటి నుంచి హాస్పిటల్‌కి రోడ్డు మీద పద్దెనిమిది మైళ్ళు. గడ్డకట్టిన సరస్సు మీదుగా రెండే మైళ్ళు. మంచు తుఫాను తర్వాత రోడ్డు మూసుకుపోతే అక్క స్నోమొబైల్ మీద వెళ్ళేది. మంచు మీద పరుగెత్తే ఆ పాత బండిని షాపువాళ్ళు పనికిరాదని పారేయబోతుంటే బావగారు ఇంటికి తెచ్చుకున్నారు. అక్క బయలుదేరినప్పుడల్లా ఆయన ఒడ్డున టోపీ లేకుండా నిలబడేవారు. అవతలి ఒడ్డు చేరగానే అక్క బండి దీపాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగించేది. బావగారు "స్తోత్రం ప్రభువా" అని అప్పుడు కాఫీకి లోపలికి వచ్చేవారు. అంతవరకూ కాఫీ ముట్టరు.

ఒక శీతాకాలం ఆయన కంటి శుక్లానికి ఆపరేషన్ జరిగింది. అంతకు ముందు వారం నుంచీ బండి కింద నూనె చుక్కలు పడుతున్నాయి. ఎక్కడ కారుతుందో కనిపెడదామని ఆయన బండి కింద అట్టముక్క పరిచి వెళ్ళారు. ఆ సంగతి నాకు తెలియదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆస్పత్రి నుంచి వస్తున్నారంటే ఇల్లంతా కడిగిపెడతాం కదా. నేను గరాజ్ కూడా కడిగేశాను. మరకలు పడ్డ అట్ట పారేశాను. కిరసనాయిల్ గుడ్డతో బండిని లోపలా బయటా తళతళలాడేలా తుడిచాను.

కంటికి కట్టుతో వచ్చిన బావగారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"పెళ్ళికూతుర్ని చేశావుగా దీన్ని!"

"బాగా లేదా బావా?"

"బాగానే ఉంది. కడిగేస్తే రోగం పోద్దా మరదలా? జాడ పోద్ది."

ఆ అట్ట ఎందుకు పరిచారో నాకప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమే తుఫాను మొదలైంది. తెల్లవారి ఆరింటికి అక్క డ్యూటీలో ఉండాలి. ఆ ఇంజనుకి నూనె ఒక చిన్న తొట్టిలోంచి రబ్బరు గొట్టం ద్వారా పంపుకి వెళ్ళి, అక్కణ్ణుంచి లోపలికి అందుతుంది. గొట్టంలోకి గాలి దూరితే నూనె అందక ఇంజను నడుస్తూ నడుస్తూనే బిగుసుకుని ఆగిపోతుంది. సరస్సు నడిమధ్యలో, ఆ చలిలో, అక్క ఒక్కతే.

డాక్టరు ఆయన్ని వంగవద్దన్నాడు. బావగారు స్టూలు మీద కూర్చుని, "నీ పౌడరు డబ్బా పట్రా" అన్నారు.

"ముఖానికా?"

"బండికి. ముసలిదైనా సోకు కావాలిగా."

తొట్టి అడుగున, గొట్టం పొడుగునా, పంపు చుట్టూ పౌడరు చల్లించారు. గరాజ్ తలుపు తెరిచి, ఇంజను స్టార్ట్ చేయించారు. కాసేపు నడిపి ఆపాక టార్చి పట్టుకుని చూశాను. పంపు దగ్గర పౌడరు తడిసి ముద్దయింది.

"దొరికింది బావా! పంపే కారుతోంది."

"తొందరపడకు. నూనె కిందకే దిగుద్ది. తడి ఎక్కడ ఆగిందో కాదు, ఎక్కడ మొదలైందో చూడు. పైకి పోతా ఉండు."

వంటింట్లోంచి అక్క కేక వేసింది. "ఏవండీ, వంగుతున్నారా?"

"వంగేది నీ చెల్లెలు! నేను మేస్త్రీని!"

గొట్టం వెంట వేలితో మెల్లగా పైకి వెళ్ళాను. తొట్టికి గొట్టం తగిలించిన చోట, అడుగు వైపు, తెల్లటి పౌడరు మీద తేనెచారలాంటి సన్నటి గీత. గొట్టాన్ని కొంచెం వంచితే వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. చలికి రబ్బరు బిరుసెక్కి పగిలింది. ఆయన చెప్పినట్టే ఆ కొస బొటనవేలంత కోసేసి, మిగతాదాన్ని వేడినీళ్ళలో మెత్తబరిచి మళ్ళీ ఎక్కించాను. క్లిప్పు బిగిస్తుంటే, "చాలు, చాలు. మరీ బిగిస్తే అదే కోసుద్ది" అన్నారు. ఈ మాట మా ఇంట్లో తర్వాత చాలా విషయాలకి వాడుకున్నాం. పంపు మీది చిన్న మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా గొట్టంలో గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాం.

చివర్న పెట్రోలులో కూడా కొంత నూనె కలపమన్నారు. పంపు ఆగినా ఇంజను బతకాలని.

"నా పని మీద నమ్మకం లేదా బావా?"

"నీ మీద నమ్మకమే. వెళ్ళేది నా పెళ్ళాం."

తెల్లవారుజామున తుఫాను ఆగాక, చీకటితోనే అక్క వెళ్ళింది. ఆయన పక్కన నేనూ నిలబడ్డాను. ఇంజను చప్పుడు సన్నబడి వినిపించకుండా పోయింది. తర్వాత ఎంతసేపో తెలియదు. నా పెదవులు ప్రార్థిస్తున్నాయి కానీ మాటలు గుర్తులేవు. దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. "పద, కాఫీ పెట్టు" అన్నారు. పారేసిన అట్ట మాట ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. ఇంకొకరైతే అదొక కథ చేసి చర్చిలో అందరికీ చెప్పేవారు. ఆయన మాత్రం ఆ మర్నాటి నుంచి బండి పనికి నన్నే పిలిచేవారు.

మొన్న జనవరిలో, ఆయన లేని మొదటి తుఫాను. అక్క తాళంచెవి బల్ల మీద పెట్టి కూర్చుంది.

"నడుస్తుందంటావా చెల్లీ? మీ బావ చూడకుండా దాన్ని ఎప్పుడూ ఎక్కలేదే."

నేను పౌడరు డబ్బా తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. చల్లాను, నడిపాను, అడుగు నుంచి తొట్టి దాకా వేలితో వెతికాను. పౌడరు ఎక్కడా తడవలేదు. అయినా పెట్రోలులో కొంచెం నూనె కలిపాను.

తెల్లవారుజామున ఆయన నిలబడే చోట నిలబడ్డాను. టోపీ తీసేశాను, ఎందుకో. చప్పుడు దూరమైంది. నీలిపొగ కాసేపు మంచు మీద వేలాడి విడిపోయింది. చాలాసేపు చీకటి తప్ప ఏమీ లేదు.

అప్పుడు అవతలి ఒడ్డున దీపం ఆరింది, వెలిగింది. మళ్ళీ ఆరింది, వెలిగింది.

"స్తోత్రం ప్రభువా" అన్న ఆయన మాటే నా నోట వచ్చింది. లోపలికి వెళ్ళి రెండు కప్పుల కాఫీ పెట్టాను.