మెలి తిరిగిన దొగ్గలికూర

కూరగాయలు ఏరడంలో నాకు తిరుగులేదు. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ, జగిత్యాల రైతుబజారులో నన్ను ఎరిగిన వాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు, కాలేజీ పిల్లలకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టి పంపడం నా పని. ముదురు బెండకాయ ఒక్కటి పడినా నలభై నోళ్లకు జవాబు చెప్పుకోవాలి. అందుకే తెల్లవారి ఆరింటికల్లా బజారులో ఉంటాను. బెండకాయ కొన టప్పున విరిగితేనే సంచిలో వేస్తాను. "అక్కా, అన్నిటి ముక్కులు ఇరగ్గొట్టి పోతే మిగిలినయి ఎవలు కొంటరు?" అని అమ్మేవాళ్లు గొణుగుతారు. సొరకాయకు మాత్రం గోరు గుచ్చను. దాని ఒంటి మీద సన్నటి నూగు ఉందో లేదో చేత్తో నిమిరితే చాలు. వంకాయ చూపుకు పెద్దగా ఉండి చేతికి తేలిగ్గా తగలాలి. బరువుంటే లోపల అన్నీ గింజలే.

ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. కూర అంటే మాకు వీధిలోకి తోపుడుబండి మీద వచ్చేదే తప్ప నేల మీద మొలుస్తుందన్న ధ్యాస ఉండేది కాదు. పెళ్లై కోరుట్ల వచ్చాక మొదటి వానాకాలంలోనే మా అత్త నన్ను చేను గట్ల వెంట తిప్పింది.

"వానలు పడ్డంక కూర కొంటరానే? చేను నిండ కూరే ఉంటది" అనేది.

తుమ్మి, గునుగు, గంగవాయిలి, దొగ్గలి, అన్నీ విత్తకుండా మొలిచే ఆకుకూరలే. మొదట్లో నా కళ్లకు అన్నీ గడ్డే. మా అత్త ఒక్కో ఆకూ నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. ఒకసారి నేను ఒడినిండా దొగ్గలి తెంపుకుని సంబరంగా ఇంటికి వెళితే, ఒక కాడ తీసి చూసి, మొత్తం కింద గుమ్మరించింది.

"తల సూడు, ఎట్ల ఒంగిందో. గడ్డిమందు తగిలిన మొక్క తాడు పేనినట్టు తిరుగుతది. గిది పసులకు సుత ఎయ్యద్దు."

తర్వాత కాపురం జగిత్యాలకు మారినా ఆ కాడ రూపం నా కళ్లలో అలాగే ఉండిపోయింది.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఒక పొద్దున, బజారు గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని అడవికూరలు అమ్మే ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమెది బుగ్గారం వైపు ఊరు. సొంత భూమి లేదు. పగలు కలుపు తీయడానికి కూలికి వెళ్లి, సాయంత్రం అదే చేలల్లో కూర తెంపుకుని, మర్నాడు మొదటి ఆటోలో తెచ్చేది. ఆమె తెచ్చిన కూరలో మట్టిబెడ్డ గానీ ముదురు కాడ గానీ దొరికేది కాదు. అప్పటికే రెండు వానాకాలాలుగా నేను ఆమె దగ్గరే కొంటున్నాను.

ఆ రోజు కుప్పంతా దొగ్గలే. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన అప్పటికే రెండు కట్టలు సంచిలో వేసుకుని పక్కన టమాటలు ఏరుకుంటున్నాడు. నేను ఒక కట్ట ఎత్తాను. ఆకు పచ్చగానే ఉంది. కానీ కాడలన్నీ ఒకే తీరుగా మెలి తిరిగి ఉన్నాయి, చిగుళ్లు కిందికి ముడుచుకున్నాయి. ఇంకో కట్ట ఎత్తాను. అదీ అంతే.

"ఏ చేన్ల తెంపినవ్ చెల్లే?"

"మక్క చేన్ల అక్కా. నిన్న పొద్దుమీకి తెంపిన. ఎందుకు?"

"మందు కొట్టిండ్రా అండ్ల?"

"లేదు. కొడితే నాకు చెప్పకుంట ఉంటరా?"

"కొట్టిండ్రు. గీ కాడ సూడు."

ఆమె ముఖం ఎర్రబడింది. "అందరి ముందట గట్లంటవేంది? గీ రెండేండ్ల సంది నా కూరనే తింటున్నవ్ గద! ఇష్టం లేకుంటే కొనకు, నా బేరం చెడగొట్టకు."

నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు. నా మాట తప్పైతే ఒక పేదమనిషి ఒక పొద్దు కష్టం మట్టిపాలు చేసినదాన్నవుతాను. అయినా ఆ కాడ నాకు తెలుసు. కట్ట కింద పెట్టలేదు.

"చేనోళ్లకు ఒక్క ఫోన్ చెయ్యి. కొట్టలేదంటే నీ కుప్పంత నేనే కొంట."

విసురుగానే ఫోన్ తీసింది. ఆ మొక్కజొన్న చేను యజమాని మస్కట్‌లో ఉంటాడు. వ్యవసాయం చూసేది ఆయన భార్య. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగితే అవతల ఆమె తాపీగా చెప్పింది: "ఔ, మొన్న పొద్దుగాల మందు కొట్టిపిచ్చిన. నీకు చెప్పుడు మర్చిన. ఏమైంది?"

ఈమె ఫోన్ కట్ చేసి నా వైపు తిరిగింది.

"అక్కా, పొద్దుగాల గీ కూరనే పిడికెడు పప్పుల ఏసి అండి పెట్టచ్చిన. నా బిడ్డ తిని బడికి పోతది."

ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మూడోసారి పాప గొంతు వినిపించింది.

"ఏందమ్మా, జడ ఏసుకుంటున్న."

"తిన్నవా?"

"ఇంక తినలే."

"ఆ పప్పు ముట్టకు బిడ్డా! గిన్నెతోటి పక్కకు పెట్టు. కోళ్లకు సుత ఎయ్యకు. తొక్కు ఏసుకొని తిను."

ఫోన్ పెట్టేసి గోనెపట్టా మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఏడవనిచ్చాను గానీ ఎక్కువసేపు కాదు. అమ్మినవి వెనక్కి తేవాలి.

"ఎవలెవలికి ఇచ్చినవ్?"

"ఆ పెద్దాయనకు. ఇంకొకామెకు, నీలం చీర కట్టింది."

పెద్దాయన అక్కడే ఉన్నాడు కాబట్టి సంగతి చెప్పి కట్టలు తీసుకున్నాం. నీలం చీర ఆమె కోసం ఇద్దరం పరుగెత్తాం. ఆటోల దగ్గర, ఆమె ఎక్కిన ఆటో కదలబోతుండగా నేను ముందు చక్రానికి అడ్డం నిలబడ్డాను. డ్రైవర్ తిట్టాడు. తిడితే తిట్టాడు, కట్ట చేతికి వచ్చింది.

మిగిలిన కుప్పను చెత్తబండి దగ్గర పడేయబోతే నేనే ఆపాను. బజారు వెనక ఆవులు తిరుగుతుంటాయి. అంతా గోనెలో కుక్కి మా ఇంటికి తీసుకొచ్చి, పెరట్లో మోకాలి లోతు గొయ్యి తీసి ఇద్దరం పూడ్చాం. ఆ రోజు డబ్బాల్లోకి ఆలస్యంగా బీరకాయ పప్పు వెళ్లింది. ఆమె నాతో పాటే కూర్చుని బీరకాయలు చెక్కింది. వెళ్లేటప్పుడు ఒక్క మాటే అంది: "నీ మీద కోపం చేసిన."

"నేనైతే ఇంక ఎక్కువ చేద్దును" అన్నాను.

తర్వాత నాలుగు రోజులు ఆమె రాలేదు. జనం ముందు పరువు పోయిందని మానేసిందేమోనని బెంగపడ్డాను. ఐదో రోజు గేటు దగ్గర గోనెపట్టా కనిపించింది. ఈసారి తుమ్మికూర, గంగవాయిలి కొంచెం కొంచెమే ఉన్నాయి. ఎవరో కట్ట ఎత్తగానే ఆమే అంటోంది: "ఇది చెరువు కట్ట మీదిది. గది మందులు కొట్టని పెరడుది. చేనోళ్లను అడగంది తెంపలే." అడిగినా అడగకపోయినా అందరికీ చెబుతోంది. కొన్నాళ్లకు పక్కన కూర్చునే మరో ఇద్దరు కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టారు. అడవికూర కొనడానికి భయపడేవాళ్లు కూడా వచ్చి కొన్నారు.

ఆ నెలలోనే ఒక ఆదివారం ఆమెతో, ఆమె బిడ్డతో కలిసి బుగ్గారం వైపు కూరకు వెళ్లాను. చెరువు కట్ట మీద నేను ధీమాగా ఒక మొక్క చూపి గంగవాయిలి అన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"గంగవాయిలి కాదక్కా. గిది మేకలకు. ఇటు రా, నేను చూపిస్త."

నేను వెంట నడిచాను. ఆమె బిడ్డ మా ఇద్దరికంటే ముందే వంగి తెంపుతోంది.