వెర్నిస్ వెనక సీటు

వెర్నిస్ ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. అదే బస్సులో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆయాను నేను. ఆవిడ నోటికి పిల్లలే కాదు, పెద్దవాళ్లూ జడుస్తారు. ఎవడైనా లేచి నిలబడితే అద్దంలోంచే చూసి "సీటు కాలుతోందా నాయనా?" అంటుంది. వాడు చప్పున కూలబడతాడు. మొగుడు వదిలేసి పోయాక కొడుకు కీనన్‌ని చూసుకునే దిక్కులేక, తెల్లవారకముందే దుప్పటితో సహా తెచ్చి తన వెనక సీట్లో పడుకోబెట్టేది. దారి పక్క బోర్డులు చూసే వాడు అక్షరాలు నేర్చుకున్నాడు. హైస్కూలుకొచ్చినా ఆ సీటు వాడిదే. ఇంకెవరైనా కూర్చోబోతే మిగతా పిల్లలే లేపేసేవాళ్లు.

పోయిన చలికాలం స్కూలు వరండాలో ఇద్దరు కొట్టుకుంటుంటే కీనన్ మధ్యలో దూరి విడదీశాడు. ఆ తోపులాటలో వాడి మోచెయ్యి కాపలా మనిషికి తగిలింది. సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నాడని పది రోజులు సస్పెండ్ చేశారు. ఆ తరవాత విచారణ. వాడు స్కూల్లో ఉండాలో, ఏడాదంతా బయట తిరగాలో అందులో తేలుస్తారట. కొట్టుకున్న ఇద్దరికీ మాత్రం అంతకన్నా తక్కువ శిక్షే పడింది. ఇదేం న్యాయమో నాకిప్పటికీ మింగుడుపడదు. ఈలోపు వాడు స్కూలు స్థలంలో ఎక్కడ కాలుపెట్టినా విచారణ కూడా అక్కర్లేదు, పేరు కొట్టేస్తామని వైస్ ప్రిన్సిపాల్ వెర్నిస్‌ని పిలిచి మరీ చెప్పాడు. బస్సు కూడా స్కూలు స్థలం కిందే లెక్క. అందులో కెమెరా ఉంటుంది.

ఆ వారం ఈరీ సరస్సు మీంచి గాలి ఒళ్లు కోసేస్తోంది. వెర్నిస్ డ్యూటీకి వచ్చేశాక ఇంట్లో హీటర్ ఆగిపోయింది. బస్సు నడిపేటప్పుడు ఆవిడ ఫోను ఎత్తదు. కీనన్ వచ్చి స్టాపులో మంచులో నిలబడ్డాడు. పిల్లలంతా ఎక్కాక మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"ఎక్కకు," అంది వెర్నిస్.

"హీటర్ పోయిందమ్మా. కాసేపు నీ వెనక కూర్చుంటా."

"పెద్దమ్మ ఇంటికి పో."

"అంత దూరమా? చేతులు మొద్దుబారిపోయాయమ్మా."

ఆవిడ ఒక్కసారి కెమెరా వైపు చూసింది. "చెప్పాగా, పో," అని తలుపు మూసేసింది.

 వాడు కనుమరుగయ్యేదాకా నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ ఇంటికి తాళం. దగ్గర్లో వెచ్చగా ఉండే చోటంటే చిన్నపిల్లల స్కూలు ఒక్కటే, అదీ స్కూలు స్థలమే కాబట్టి అక్కడికీ వెళ్లకూడదు. తిరిగి అంత దూరం నడవలేక, పెద్దమ్మ పని నుంచి వచ్చేదాకా వాడు ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. ఎడమ చెవి అంచు చలికి గడ్డకట్టి నల్లబడిపోయింది. తరవాత ఆ ముక్క కోసేయాల్సి వచ్చింది.

విచారణకి నన్నూ రమ్మన్నారు. అధికారులు ఆ బస్సు వీడియో వేసుకుని చూశారు. కన్నతల్లే ఇంత గట్టిగా నిబంధన పాటించింది, ఇలాంటి ఇంటి పిల్లాణ్ణి నమ్మొచ్చు అన్నాడు పెద్దాయన, మెచ్చుకోలుగా తల ఊపుతూ. కీనన్‌ని మళ్లీ చేర్చుకున్నారు. నాకైతే ఆయన చొక్కా పట్టుకుని కుదిపేయాలనిపించింది. వెర్నిస్ మాత్రం థాంక్స్ చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? వాడు చెవికి కట్టుతో బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు వెర్నిస్ ఆ సీటు తనే తుడిచింది. పదిహేడేళ్లవాడి కోసం దుప్పటి కూడా తెచ్చింది. నాకు నవ్వు రాలేదు. స్టాపులో పిల్లలంతా ఎక్కేశారు. కీనన్ కిందే నిలబడ్డాడు.

"ఎక్కరా కన్నా. ఇప్పుడు ఎక్కొచ్చు."

"పర్లేదమ్మా, నడుస్తా."

కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే ఆవిడ నాలుగు తిట్టి ఎక్కించేది.

ఇప్పటికీ వాడు నడిచే స్కూలుకి వెళ్తున్నాడు. వాణ్ణి దాటేటప్పుడు వెర్నిస్ బస్సు నెమ్మది చేసి తలుపు తెరుస్తుంది. వాడు తల తిప్పడు. కాసేపు చలిగాలి లోపలికి కొడుతుంది. పిల్లలెవరూ తలుపు వెయ్యమని అడగరు.