గువ్వలచెరువు ఘాటులో మిస్సింగు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను నడిపిన లారీ చదును నేల మీద సాధువు. కడప దాటి గువ్వలచెరువు ఘాటు ఎక్కమంటే మాత్రం దానికి ఎక్కడలేని రోగాలూ వచ్చేవి. చిన్న లారీ అది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్క తొట్టి. ఎవరెవరో వాడి వదిలేసిన బండిని మా ఊరి షావుకారు కొన్నాడు. జమ్మలమడుగు పక్కన మాది నేతగాళ్ళ ఊరు. చీరల మూటలు కడపకూ, ఘాటు మీదుగా రాయచోటికీ చేరవేయడం నా పని.

నాయనకు ఈ లారీ అంటే గిట్టదు. మాది తాతల నాటి నుంచీ మగ్గం ఇల్లు, నేను ఒక్కడే కొడుకును. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి స్టీరింగు పట్టుకున్నందుకు ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. లారీ ఎప్పుడు చెడినా ఒకటే మాట అనేవాడు.

"అది ఎట్లాగూ సచ్చేదేలేరా. నీ మగ్గం నీకు ఉండాది, వచ్చి కూర్చో."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. రానని మొహం మీద చెప్పడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. "సూద్దాంలే నాయనా" అని నసిగి బయటపడేవాణ్ణి. ఆయన దాన్నే పట్టుకుని ఎదురుచూసేవాడు. నేను కూర్చోవలసిన మగ్గాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

పెట్రోలు అప్పట్లో కూపన్ల మీద వచ్చేది. డబ్బా అడుగున తుప్పూ మట్టీ ఉండేవి. అందుకని ట్యాంకు మూతి దగ్గర మెత్తటి తోలు పరిచి, దాంట్లోంచి వడగట్టి పోసేవాళ్ళం. ఆ తోలు కాస్తా చినిగిపోయింది. కొత్తది కడపలో లేదు, కర్నూలులో లేదు. అన్నం ముందు కూర్చుని ఆ తోలునూ, యుద్ధాన్నీ, పెట్రోలు అమ్మేవాణ్ణీ కలిపి తిట్టుకుంటుంటే నాయన విన్నాడు. పొద్దున్నే మగ్గం మీది తెల్ల బట్టలోంచి ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.

"దీంట్లో పొయ్యి. నలుసు గూడా దిగదు."

ఆ లారీ కోసం ఆయన చేసిన మొదటి పని అది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బయటికి మాత్రం "సరేలే" అన్నాను. ఇక ఆ తర్వాత గుడ్డ కొంచెం మాసితే చాలు, కొత్త ముక్క సిద్ధంగా ఉండేది. "మాసిందాంట్లో పోస్తావా? నీళ్ళు గాదు గదరా అది" అని పాతది లాక్కునేవాడు. మా ఇద్దరి మధ్య మగ్గం ఊసు లేకుండా నడిచే మాటలు అవి మాత్రమే.

కొన్నాళ్ళకు లారీకి మిస్సింగు పట్టుకుంది. ఘాటు మొదట్లో బాగానే ఎక్కేది. సగం ఎక్కేసరికి వెక్కిళ్ళు పెట్టేది, ఆ తర్వాత టప్పుమని పేలేది. ఎదురొచ్చే ఎద్దులు బెదిరి బండి తీసుకుని పక్కకు పరిగెత్తేవి. బండి తోలేవాళ్ళు మా వంశాన్నంతటినీ తలుచుకునేవాళ్ళు. బాంబు పడిందేమోనని ఒక ముసలామె కట్టెల మోపు పారేసి చెట్టు చాటుకు పోయింది. ఇంజను ఆపి నేనూ ఒక బీడీ కాల్చుకుని మళ్ళీ ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పి కొడితే, ఏ పాపమూ ఎరగనట్టు పలికేది. చెడిపోతే పూర్తిగా చెడిపోవాలి గానీ ఈ నంగనాచి వేషాలేమిటని దాని చక్రాన్ని తన్నాను కూడా. కాలే నొప్పెట్టింది.

ప్లగ్గులు తీసి మసి గీకాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు రుద్దాను. తీగలు మార్చాను. ఒక్కొక్కటి సరిచేసినప్పుడల్లా ఇదే రోగమనుకుని ఘాటెక్కేవాణ్ణి, మళ్ళీ అదే మలుపులో అదే టపాకాయ. పెట్రోలును మాత్రం అనుమానించలేదు. నాయన నేసిన గుడ్డలోంచి దిగిన పెట్రోలు అది. ఆయన నేత సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. దాన్ని అనుమానించడమంటే నాకు తల్లిపాలను అనుమానించినట్టే.

ఇంట్లో నాయన మొహం వేరేగా ఉండేది. నేను మసి చేతులతో వస్తే, "ఇంగా పేలుతాందా?" అని అడిగేవాడు. ఆ అడగడంలో దిగులు లేదు. నా మగ్గం మీది దుమ్ము దులిపి పెట్టి ఉండడం ఒకరోజు చూశాను. షావుకారు కూడా ఎద్దుబండ్లే మేలనడం మొదలుపెట్టాడు. లారీ మూలపడితే నేను గుంటలోకి దిగక తప్పదు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

చివరికి కడపలో ఒక ముసలి సాయిబు మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన బానెట్టు కూడా ఎత్తకుండా అడిగాడు.

"పేలేది యాడప్పా? ముందరా, యనకా?"

తెలీదన్నాను. లోపల కూర్చున్నవాడికి అంతా ఒకటే మోత.

"యనక పొగగొట్టంలో పేలితే పెట్రోలు కాలకుండా పోతాండాదని. ముందర కార్బురేటర్లో పేలితే ఇంజనుకు ఆకలి, పెట్రోలు సాలడంలే. పోయి సూసుకో."

ఆ రోజు బానెట్టు ఒక పక్క తెరిచి కట్టి ఘాటెక్కించాను. మామూలు మలుపు రాగానే వెక్కిళ్ళు, ఆ వెంటనే ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు మూతిలోంచి చిన్న మంట తుమ్మినట్టు బయటికొచ్చింది. ఆకలే. బండి ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఇంజను చల్లారేదాకా కూర్చున్నాను. తర్వాత కార్బురేటరు అడుగు గిన్నె విప్పాను. మట్టి లేదు, తుప్పు లేదు. తెల్లటి నూగు, దానికి అంటుకుని ముద్దకట్టిన తెల్లటి పొడి. ఏటవాలు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పెట్రోలు లాగితే, ఆ నూగు పోయి పెట్రోలు దూరే సన్నటి రంధ్రానికి అడ్డం పడుతోంది. ఆపితే కిందికి జారుతోంది. పొడిని వేళ్ళ మధ్య నలిపాను. పెట్రోలు ఆరిపోయాక ఉమ్మి తడి చేసి మళ్ళీ నలిపితే జిగురుగా సాగింది. గంజి. పడుగు నూలుకు గంజి పట్టించే ఇంట్లో పుట్టినవాడికి అది చెప్పాలా? మగ్గం మీంచి కోసిన కొత్త గుడ్డను నీళ్ళు చూపించకుండా వాడాం. మాసినప్పుడల్లా ఇంకో కొత్తది. ప్రతి కొత్త ముక్కా కొత్త గంజి రాలుస్తూనే ఉంది.

అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. రోగం దొరికిందన్న సంతోషం కొంచెం కూడా లేదు. నీ గుడ్డే లారీని చంపుతోందని ఆయనతో ఎట్లా చెప్పేది? చెబితే గుడ్డ ఇవ్వడం మానేస్తాడు, మా మధ్య ఆ నాలుగు మాటలూ పోతాయి. గిన్నె తుడిచి, రంధ్రం ఊది బిగించాను. లారీ చప్పుడు లేకుండా రాయచోటి పోయి వచ్చింది.

ఇంటికి రాగానే లారీ బాగయిందన్నాను. నాయన మగ్గం గుంటలోంచే అడిగాడు.

"ఏం దొరికిందిరా?"

"మట్టి నాయనా. డబ్బాలోది."

నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కున్నాడు. గోళ్ళ సందులు చూశాడు.

"మట్టి తెల్లగుంటాదా?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన మళ్ళీ మగ్గం వైపు తిరిగాడు. రాత్రి ఆయన అన్నం కూడా సరిగా తినలేదు.

పొద్దున లేచి చూస్తే లారీలో గుడ్డ లేదు. ఇక గుడ్డ ఇవ్వడం మానేశాడనుకున్నాను. ట్యాంకు ఖాళీ చేసి కడుగుతుంటే నాయన బావి వైపు నుంచి వచ్చాడు, చేతిలో గుడ్డ. బట్టల సోడా నీళ్ళలో ఉడకబెట్టి, బండ మీద బాది, జాడించి తెచ్చాడు. బానెట్టు మీద పరిచి, ఆరేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత చేత్తో నలిపి, ఎండకెదురుగా దులిపి చూశాడు. ఏమీ రాలలేదు.

"గంజి పోయింది. ఇంగ పొయ్యి."

పోశాను. నేను హ్యాండిల్ కొట్టి వచ్చేసరికి ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఎన్నడూ ఆ లారీ ఎక్కని మనిషి.

"యాడికి నాయనా?"

"నా గుడ్డ పనిజేస్తాందో లేదో నేను సూసుకోవద్దా?"

కడప దాటాం. ఘాటు మొదలయ్యాక సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. రోజూ పేలే మలుపు వచ్చింది. బరువు మీద ఇంజను మూలిగింది గానీ వెక్కలేదు. మలుపు తిరిగింది, ఇంకో మలుపూ తిరిగింది. ఆయన తల వంచి ఆ మోతనే వింటున్నాడు. పైకెక్కాక గాలి చల్లగా తగిలింది. అప్పుడు నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంగ నిన్ను మగ్గానికి రమ్మని అడగనులేరా."

ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్న మాట అది. ఆ గుడ్డను ఉతక్కుండా వదిలేసి ఉంటే లారీ మూలపడి, నేనే ఆయన దగ్గరికి వచ్చి కూర్చునేవాణ్ణని ఆయనకు బాగా తెలుసు. దిగుడుకు గేరు మార్చాను. రోడ్డు చూసుకుంటూ లారీ నడిపాను.