ఆరు బతుకమ్మలు, ఐదేళ్ల ఎనిమిది నెలలు

మా బిడ్డ వయసు గురించి మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆమె దసరా ముందు వచ్చే సద్దుల బతుకమ్మ నాడు పుట్టింది. ఇచ్చోడలో మా అత్తగారి వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని కదులుతుంటే నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు తీసుకుపోయాం. వాళ్లు ఆడి, పాడి, బతుకమ్మలను నీళ్లలో విడిచి ఇంటికొచ్చేసరికి బిడ్డ పుట్టిందన్న కబురు వాకిట్లో ఉంది. అప్పటి నుంచి మా అత్త ఏటా తంగేడు పూలు పేరుస్తూ మనవరాలి వయసు లెక్కపెట్టేది. ఒక బతుకమ్మ, ఒక ఏడు. అట్లా ఆరయ్యాయి. ఆ లెక్క పట్టుకొని, బడులు తెరిచిన జూన్‌లో బిడ్డను ఒకటో తరగతిలో చేర్పిద్దామని పోయాం.

మాది కరీంనగర్ పక్కన చిన్న పట్నం. నేను సాంచాలు నడుపుతాను. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. పక్కింటి పిల్ల, మా బిడ్డ ఒకే రంగు బ్యాగులు కొనుక్కున్నారు. ఆ పిల్లకు అప్పటికే ఒకటో తరగతిలో సీటు దొరికింది. బడిలో పెద్ద మేడం మా కాగితాలు చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, ఐదేళ్ల ఎనిమిది నెలలంది. ఒకటో తరగతికి ఆరు నిండాలంది. నేను పుట్టిన రోజు కథతో సహా మా లెక్క చెప్పాను. ఆమె కూడా ఈ పక్క మనిషే, వెంటనే దొరకబట్టింది.

"పుట్టిన్నాటి బతుకమ్మను గూడ కలిపిన్రా?"

"కలిపినం మేడం."

"గప్పటికి పిల్ల పుట్టనే లేదంటివి గదా?"

"లోపల్నుంచి పాట విన్నది మేడం."

ఆమె నవ్వింది. నవ్వించాను కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. నా జీవితంలో సగం పనులు అట్లాగే అయ్యాయి. ఆమె మాత్రం నవ్వు ఆపి, ఇంకో ఏడాది యూకేజీలో కూర్చోబెట్టమని కాగితం నా చేతికి ఇచ్చేసింది.

బయట జిరాక్స్ దుకాణం ముందు ఒకాయన ఉంటాడు. అందరి ఫారాలూ ఆయనే నింపుతాడు. సంగతి విని, నాలుగు నెలల కోసం ఏడాది పాడుచేసుకుంటావా, తేదీ నేను మార్పిస్తాను, రేపు రమ్మన్నాడు. ఇంటికి వచ్చి అత్తకు ఫోన్ చేస్తే ఆమె ఇంకా గరమైంది. ఆమె లెక్క తప్పని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదట. "గా మేడంను ఓసారి ఇచ్చోడకు తోలు అల్లుడా, నేను సమజ్ చేస్త" అంది.

నేను మనసులో జిరాక్స్ దుకాణం వైపే మొగ్గాను. ఎందుకంటే బడిలో రాసిన నా పుట్టిన తేదీయే ఉత్తది. మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసేది, బాపు సాంచాల మీద ఉండేవాడు. అక్క బడికి పోతే నన్ను చూసుకునేవాళ్లు లేరు. అందుకని నాలుగున్నరేళ్లకే బాపు నన్ను బడికి తీసుకుపోయాడు. అప్పుడు వయసుకు ఒకటే పరీక్ష: కుడి చెయ్యి నెత్తి మీది నుంచి పోయి ఎడమ చెవిని అందుకోవాలి. నాకు అందలేదు. బాపు వెనక నుంచి నా తలను మెల్లగా పక్కకు వంచాడు. చెవే చేతి దగ్గరికి వచ్చింది. సారు చూసీ చూడనట్టు జూన్‌లో ఒక తేదీ రాసుకున్నాడు. మా తరగతిలో సగం మంది జూన్‌లోనే పుట్టారు. మా ఊరి తల్లులు బడి గంట కొడితే తప్ప కనేవాళ్లు కాదని నేను ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాను.

ఆ సాయంత్రం ఈ కథనే నా భార్యకు మళ్లీ చెప్పాను, తేదీ మారిస్తే ఏమీ కాదనడానికి సాక్ష్యంగా. ఆమె పది దాకా చదివింది. రోటీ కాలుస్తూ విన్నది, నవ్వలేదు.

"నీ తల వంచిన్రు గని, నీ చెయ్యి పొడుగు కాలే" అంది.

ఆమె చెప్పింది నిజమే. రెండో తరగతిలో అందరూ గుణింతాలు రాస్తుంటే నేను బల్ల మీద నిద్రపోయేవాణ్ణి. వెనకబడ్డవాణ్ణి వెనకే ఉండిపోయాను. సారు ఏదైనా అడిగితే చదవడం రాక, ఏదో ఒకటి అని అందరినీ నవ్వించేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా సారు కూడా, తరగతి చప్పబడిపోతుందిరా అన్నాడు. చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పొద్దున పోయి జిరాక్స్ దుకాణం ఆయనకు వద్దని చెప్పాను. అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. అక్కడి నుంచి బడికి పోయి, ఉన్న తేదీయే రాయించి, బిడ్డను యూకేజీలో చేర్పించాను. పక్కింటి పిల్ల పక్క గదిలోకి పోతుంటే మా బిడ్డ నా అంగీ పట్టుకొని అడిగింది.

"బాపు, నేను ఫెయిలైన్నా?"

"లేదు బిడ్డా. నీ ఐదేండ్లల్ల ఇంక కొన్ని నెలలు మిగిలినయి. మొత్తం వాడుకోని పో."

ఆమెకు అర్థమైందో లేదో, బ్యాగు మాత్రం నా చేతిలోంచి గుంజుకొని లోపలికి పోయింది. నెల రోజులు పక్కింటి పిల్లతో మాట్లాడలేదు. దసరా సెలవుల తర్వాత మా బిడ్డ ఆ పిల్ల ఒకటో తరగతి పుస్తకాన్ని తెచ్చుకొని అరుగు మీద తిరగేయడం మొదలుపెట్టింది. చలికాలం పోయేసరికి వేలు పెట్టకుండా చదువుతోంది. నేను పక్కన కూర్చొని తప్పులు దిద్దుతున్నట్టు తల ఊపేవాణ్ణి. తప్పు ఉన్నా నాకు తెలిసేది కాదనుకోండి.

మళ్లీ జూన్ వచ్చింది. పెద్ద మేడం కాగితాలు చూసింది, నెలలు లెక్కపెట్టలేదు. తెలుగు వాచకం తెరిచి బిడ్డ ముందు పెట్టింది. బిడ్డ ఆ పేజీ చదివింది. ఎవరూ చెప్పకుండానే పేజీ తిప్పింది. మేడం ఇక చాలమ్మా అంటే, "ఇంకొంచెం ఉన్నది మేడం, ఆగుండ్రి" అని కథ అయిపోయేదాకా చదివింది. మేడం నా వైపు చూసింది. ఏదో ఒక మాట విసురుతాననుకొని ఉంటుంది. నేను ఫారం మీద సంతకం చేసి లేచాను.

నేరుగా పనికి పోయాను. సాంచాల మోతలో పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. అయినా ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, గొంతు చించుకొని, మొత్తం చెప్పాను. ఒకాయనకు రెండుసార్లు చెప్పాను. ఆయనకు మొదటిసారే వినబడింది.